పరదేశపు పనికి పోవు స్త్రీలును, సభలోని ప్రశ్నలును

మా మడకశిర సీమకు మూడు దిక్కుల కన్నడ దేశమే. పావగడకు పోయినను, శిరాకు పోయినను, మధుగిరికి పోయినను ఎల్ల దాటితిమని తెలియుట బస్సు నొసటిమీది అక్షరములు మారినప్పుడే. మా వీధి కోడండ్రలో సగముమంది ఆవలి పుట్టింటివారు. పట్టుగూళ్లును చింతపండును అటునిటు నడచుచుండును. ఎవరును ఎవరిని చీటి యడుగరు. ఎల్ల యన్న నిట్టిదే యని తలచియుండు మాబోటి యిల్లాండ్రకు, చీటి లేనిదే కాలు కదపనీయని ఎల్ల మఱియొకటి కలదని తెలియవచ్చినది విమానమెక్కు స్త్రీలవలన.

కదిరి, రాయచోటి, రాజంపేట ప్రాంతముల సోదరీమణులకు ఈ సంగతి క్రొత్తగాదు. అటనుండి కువైటునకు ఇంటిపనికి పోవు స్త్రీలు ఏండ్ల తరబడిగా నున్నారు. అక్కడ నింటిపని చేయు స్త్రీని ఖద్దామా యందురు. ఆమెను రప్పించుకొన్న యజమానుడు కఫీలు. ఇంటిపనివారికిచ్చు వీసాను ఇరువదవ నంబరు వీసా యందురు. ఈ మాటలు మా ప్రక్కవీథి ముసలమ్మలకును నోటికి వచ్చును. ప్రభుత్వ కాగితములలో ఈ స్త్రీలనెట్లు వ్రాసియున్నారో, ఢిల్లీ సభలో వీరినిగూర్చి యెవరేమి యడుగుచున్నారో మాత్రము ఎవరికిని తెలియదు. మాకును మొన్న మొన్నటివఱకు తెలియదు.

మా పొరుగింటికి కదిరివైపునుండి వచ్చిన కోడలొకతె కలదు. పేరు వ్రాయము. వయస్సు ఇరువదియేడు. చదువు ఐదవ తరగతితో నాగినది. పెనిమిటికి మూడెకరముల మెట్ట. నీటికొఱకు మూడు బోరులు వేయించిరి. మొదటిది ఒక వేసవి నడచినది, తక్కిన రెండింట దుమ్మేలేచినది. అప్పు మిగిలినది. ఆమె పినతల్లి కువైటులో పదునాలుగేండ్లు పనిచేసి యిల్లు కట్టినది, కొమరితల పెండ్లి చేసినది. ఆ యిల్లు చూచినపుడెల్ల ఈ చిన్నదాని మనస్సటు లాగుచుండును. ఇట్లుండగా ఒక దళారి వచ్చి, ముప్పది యేండ్లు నిండలేదన్న బెంగ వలదనియు, మొదట చూచివచ్చు వీసామీద దుబాయికి పంపి అచటినుండి కువైటు చేర్తుననియు చెప్పెను. ఆమె పాస్‌పోర్టును, దళారి యిచ్చిన కాగితములను కొంగున చుట్టుకొని, మావారిచేత చదివించుకొనుటకై మా యింటికి వచ్చినది.

మావారు చదివి, ఇది సరియైన దారి కాదనిరి. పదవ తరగతి గడువని వారి పాస్‌పోర్టుపై వలస తనిఖీ కావలెనను గుర్తుండును. అట్టివారు పనికొఱకు కువైటు, సౌదీ, ఒమాను మొదలగు కొన్ని దేశములకు పోవలెనన్న వలసదారుల సంరక్షకాధికారి యనుమతి వలయును. వారిలో ఇంటిపనికి పోవు స్త్రీకి ముప్పది యేండ్లు నిండనిదే ఆ యనుమతి యియ్యరు. పైగా 2016లో, ఇట్టి స్త్రీలను ప్రభుత్వ సంస్థలద్వారానే చేర్చుకొనవలెనని ఆజ్ఞ వచ్చినది. చూచివచ్చు వీసాతో పోవువారిని ఈ తనిఖీ పట్టదు. ఏలయన, ఆ కాగితము ప్రకారము వారు పనికి పోవుటయే లేదు గదా! దళారికి తెలిసిన కిటుకు అంతయు ఇదియే.

అంతయు విని ఆ చిన్నది ఒక ప్రశ్న వేసినది. ఆమె మాటలలోనే వ్రాయుచున్నాము. "అయ్యవారమ్మా, పెండ్లికి పద్దెనిమిది చాలు. ఓటుకు పద్దెనిమిది చాలు. బ్యాంకులో అప్పుకాగితం మీద సంతకానికి పద్దెనిమిది చాలు. గిన్నెలు తోమేదానికి ముప్పై రావల్లనా?"

మావారు సమాధానము చెప్పలేదు. మేమును చెప్పలేదు. స్త్రీల రక్షణకై పెట్టిన నియమమని చెప్పవచ్చును, అది నిజమును. పరదేశమున నొంటరిగా నొక యింట బందీయై, జీతము లేక, దెబ్బలు తిని తిరిగివచ్చిన పడుచుల కథలు మన సీమలో కొల్లలు. అట్టి కథలు విన్న పెద్దలు వయస్సొక కంచెగా కట్టిరి. అయినను ఆ ప్రశ్న మమ్ము వదలలేదు. ఈ నియమము చేసినవారెవరు? అది చేయునపుడు సభవారి నడిగిరా? అడిగినచో అచటనున్న స్త్రీ యొక్కతెయైనను ఏమనినది?

మా నాయనగారు మమ్ము బడికి పంపక యింటనే భారతము చెప్పినవారు. రాజ్యవ్యవహారమన్న మాకు మొదట తోచునది సభాపర్వము. అందు నారదుడు వచ్చి ధర్మరాజును వరుసగా నడుగును: రైతులు సుఖముగా నున్నారా, కొలువువారికి జీతములు వేళకు ముట్టుచున్నవా, అని. కుశలమడిగినట్లుండును గాని అది లెక్క యడుగుటయే. రాజంతటివాడు ముని యడిగినదానికెల్ల బదులు చెప్పును. ఢిల్లీలోని ప్రశ్నల గంటయు ఇట్టిదేయని మావారు చెప్పిరి. లోక్‌సభలో ప్రొద్దున పదునొకండు గంటలకు మొదలగును. దినమునకు ఇరువది చుక్క ప్రశ్నలు; వీనికి మంత్రి నోటితో బదులు చెప్పవలెను, ఆ బదులుమీద మరల నడుగవచ్చును. చుక్కలేని ప్రశ్నలు 230 వఱకు. వీనికి వ్రాతతోనే బదులు. ఏ ప్రశ్నకు ముందుగా వంతు వచ్చునో చీటివేసి తీయుదురట. మన పెండ్లిండ్లలో వాయనపు చీట్లవలెనన్నమాట! మంత్రి 'చూచి చెప్పెదము' అని తప్పించుకొనినచో, ఆ మాటను వ్రాసిపెట్టుకొని మూడు నెలలలో నెరవేర్చిరా యని విచారించు సంఘము వేరుగా గలదు. ఇది విన్నపుడు మాకు మిక్కిలి సంతోషమైనది. ఇంటింటను ఇట్టి సంఘమొకటి యుండిన నెంత బాగుండును!

విదేశ వ్యవహారములకును ఒక స్థాయీ సంఘము గలదు. లోక్‌సభవారు ఇరువదియొక్కరు, రాజ్యసభవారు పదుగురు. కార్యదర్శులను పిలిపించి తలుపులు మూసికొని ప్రశ్నింతురు. ప్రవాస భారతీయుల యొక్కయు, వలస కార్మికుల యొక్కయు స్థితిగతులపై ఈ సంఘము 2025 ఏప్రిల్‌లో నొక నివేదిక నిచ్చినది. వలస బిల్లు ఏమైనదను మాటయు ఆ నివేదిక పేరులోనే చేరియున్నది. అట్లు పేరులోనే చేర్చి యడుగవలసి వచ్చినదన్న, ఎన్నాళ్లుగా నడుగుచున్నారో యోచింపుడు. 1983 నాటి వలస చట్టమునకు బదులుగా 2019లో నొక ముసాయిదా వచ్చినది, 2021లో వేరొకటి, 2025 అక్టోబరులో మఱియొకటి ప్రజల యభిప్రాయమునకై ప్రకటించిరి. మొదటి ముసాయిదా వచ్చిననాడు ఇరువది నిండినవారికి మూడవది వచ్చుసరికి ఇరువదియాఱు నిండినవి.

ఇక మాకు ఆశ్చర్యము కలిగించిన సంగతి వేరొకటి. 1983 చట్టమునకు ముందు 1922 నాటి చట్టముండెను. అది ఆంగ్లేయుల యేలుబడిలోనిది. నైపుణ్యము లేని పనికి మనవారు ఏ దేశమునకు పోవచ్చునో, ఏ షరతులమీద పోవచ్చునో ప్రభుత్వము ప్రకటించుటకు ముందు, ఆ ప్రకటన చిత్తుప్రతిని నాటి ఉభయ సభల ముందుంచి యామోదము పొందవలెనని ఆ చట్టమున నుండెను. అనగా సభ ఒప్పుకొనిననే ఓడ కదలవలెను. ఈ నిబంధన ఊరక రాలేదు. 1860లో ట్రూరో యను నోడ మన వారిని మద్రాసు రేవునుండి నాటాలు చెరకుతోటలకు కొనిపోయిన నాటినుండి, ఒప్పందపు కూలీతనమువలన పడిన యగచాట్లనుండి వచ్చినది. 1910లో గోఖలేగారు శాసనసభలో అడిగి నాటాలుకు కూలీలను పంపుట మాన్పింపజేసిరి. 1912లో ఆ పద్ధతినే మొత్తముగా రద్దుచేయుడని తీర్మానము తెచ్చిరి. ప్రభుత్వపు వోట్లచే అది ఓడిపోయినది. 1916లో మాలవీయగారు మరల తెచ్చిరి. ఈసారి ప్రభుత్వము ఒప్పుకొనక తప్పలేదు.

ఆ నడుమ జరిగినదేమో సోదరీమణులు గమనింపవలెను. ఫిజీ దీవికి పోవు ఓడలలో నూర్గురు పురుషులకు నలువదిమంది స్త్రీలుండవలెనని లెక్క. ఆ లెక్క నింపుటకు ఏ స్త్రీని ఏ మాయమాటతో నెక్కించిరో అడిగినవారు లేరు. కుంతి యను నొక పేదరాలు తనపై చేయివేయవచ్చిన తోట యధికారినుండి తప్పించుకొని నదిలో దూకి బ్రదికినది. ఆమె కథ 1913లో మన దేశపు పత్రికలో పడినపుడు ఊరూర అలజడి లేచినది. 1917లో స్త్రీలు ప్రతినిధివర్గముగా పోయి వైస్రాయి చెమ్స్‌ఫర్డును కలిసికొనిరి. మన హైదరాబాదు ఆడపడుచు సరోజినీదేవి సభలలో మాటలాడెను. 1920 జనవరి 1వ తేది ఫిజీలో మిగిలిన ఒప్పందములన్నియు రద్దయ్యెను. నాటి శాసనసభలో నొక్క స్త్రీయు లేదు. స్త్రీకి వోటును లేదు. అట్టి సభచేత కూడ పని చేయించిరి!

ఇప్పుడో? 2024 ఎన్నికలలో లోక్‌సభకు 74 మంది స్త్రీలు ఎన్నికైరి. కాని ముప్పది యేండ్ల నియమము సభ ముందు చర్చించి వోటుచేసిన చట్టపు సెక్షను గాదు; ప్రభుత్వము తన యధికారముతో నిచ్చిన యాజ్ఞ. సభవారు దానినిగూర్చి తరువాత అడిగి తెలిసికొనవలసినదే. 1922లో ముందుగా నడుగవలసినది, తరువాత నడిగెడు దయ్యెను. మావారు దీనికి వేరు సమాధానము చెప్పుదురు: పోవుటకు మనుష్యునకు స్వాతంత్ర్యమున్న కాలమున, పోవు ప్రతి దేశమునకు సభ యనుమతి యెక్కడి దనెదరు. అదియు నిజమే. కాని ఆ స్వాతంత్ర్యము పదవ తరగతి గడచినవారికే గదా యున్నది. మా పొరుగింటి చిన్నదానికి ఆజ్ఞయే యున్నది.

మావారు సెల్ ఫోనులో సభ ప్రశ్నోత్తరములను తెరచి, రాత్రి భోజనములైన తరువాత మాకు తెలుగున చదివి చెప్పిరి. అవి హిందీలోను ఇంగ్లీషులోను అచ్చగును, తెలుగున నుండవు. మన సభ్యులు సభలో తెలుగున మాటలాడవచ్చును గాని ఆ జవాబును తెలుగుటాలు చదువుకొనలేదు! జవాబులలో పట్టికలుండును. ఏ దేశమునకు ఎందఱికి వలస యనుమతి యిచ్చిరి, ఏ రాయబార కార్యాలయమునకు ఎన్ని ఫిర్యాదులు వచ్చినవి, అని. వినుచుండగా మాకు తోచిన దిది. అనుమతి పొందినవారికే లెక్క. చూచివచ్చు వీసామీద పోయిన స్త్రీ ఆ పట్టికలో ఏ గడిలోను లేదు. ముప్పది నిండలేదని తలుపు మూయగా దొడ్డిదారిన పోయినవారికి లెక్కలేదు. నియమము ఎంత గట్టిదైన, కాగితముపై సంఖ్య అంత తగ్గును. చూచువారికి రక్షణ పెరిగినట్లు కనబడును. గాదెలో ధాన్యము కొలిచి, చిల్లునుండి కారినదానిని కొలువకున్నట్లు.

అక్కడ ఆమెకేమైన గతి యున్నదా యన్న, ఉన్నది. కువైటులో 2015లో ఇంటిపనివారికై యొక చట్టము చేసిరి. దినమునకు పండ్రెండు గంటలకు మించి పని చేయింపరాదు. వారమున కొకదినము సెలవు. పాస్‌పోర్టును యజమాని తనయొద్ద నుంచుకొనరాదు. 2021లో మన దేశమునకును కువైటుకును ఇంటిపనివారినిగూర్చి యొడంబడిక కూడ జరిగినది. దిక్కుమాలినవారికి మన రాయబార కార్యాలయపు ఆశ్రయగృహమున్నది. అయితే ఇల్లు వదలి అచటికి చేరిన స్త్రీపై, పారిపోయినదని యజమాని ఫిర్యాదు వ్రాయవచ్చును. సరియైన ఒప్పందముతో పోయినదానికి చేత కాగితమొకటి యుండును. దొంగదారిన పోయినదానికి ఏ కాగితమును లేదు. వాకిలి దాటిన క్షణమున ఆమెయే నేరస్థురాలు. 2024 జూన్ 12వ తేది కువైటులోని మంగాఫులో కార్మికుల మేడ తగులబడి 45 మంది భారతీయులు మరణించినపుడు దేశమంతయు అటు చూచినది, చూడవలసినదే. ఒంటరిగా నొక వంటయింట నున్న స్త్రీ కష్టమునకు అట్టి పొగ లేవదు.

విరాటపర్వమున ద్రౌపది చేసినది సరిగా ఇంటిపనియే. సైరంధ్రియై సుదేష్ణ కొలువున చేరునపుడే ఆమె షరతులు చెప్పుకొన్నది: ఎంగిలి ముట్టను, కాళ్లు కడుగను అని. యజమానురాలు ఒప్పుకొన్నది. నేటి మాటలో నది యొప్పందము. అయినను కీచకుడు వెంటబడినపుడు ఆమె విరాటుని సభకు పరువెత్తి మొరపెట్టుకొనవలసివచ్చినది. రాజు బావమఱదికి వెఱచి నీళ్లు నమలెను. కౌరవసభలో అంతకుముందు ఆమె వేసిన ప్రశ్నకు భీష్ముడంతవాడు ధర్మము సూక్ష్మమనెను. లేచి న్యాయము చెప్పినవాడు వికర్ణుడొక్కడు, వయస్సున చిన్నవాడు. మా నాయనగారు ఈ ఘట్టము చెప్పునపుడు, సభలో పలుకనివారికిని పాపమున పాలు కలదని విదురుడు చెప్పినదానిని రెండుమార్లు చెప్పెడివారు. అప్పుడు మాకు వయస్సు పదియేండ్లు. ఎందులకు రెండుమార్లు చెప్పుచున్నారో తెలియలేదు.

మఱి మేము ఆ నియమము తీసివేయుడని యందుమా? మావారు తీసివేయవలెననియే యందురు. పురుషుడు ఇరువదియొకటవ యేట ఎడారికి పోయి ఒంటెలు మేపవచ్చును, స్త్రీ పోరాదనుట అన్యాయమని వారి వాదము. మేము అంతదూరము పోలేము. ఇరువదేండ్ల పిల్లను చేతబిడ్డతో సహా విడదీసి పంపజూచు అత్తలను, పెనిమిటులను మేమెఱుగుదుము. ఆ నియమము అట్టివారి నోరు మూయించిన సందర్భములును కలవు. 'సర్కారువారు ఒప్పరట' యని చెప్పి తప్పించుకొన్న కోడండ్రు లేరా? కాని మూసిన తలుపునకు ప్రక్కన తెరచిన కిటికీ యొకటి యుండవలెను. ప్రభుత్వ సంస్థద్వారా, ఒప్పందము తెలుగున చదివి వినిపించి, జీతము బ్యాంకులో పడునట్లు చేసి పంపుదుమనినచో, ముప్పది యేల, ఇరువదియైదున పంపినను మాకు భయము లేదు. అట్టిదేమియు లేక వయస్సొక్కటే చూచుట, వాన పడుచుండగా గొడుగు దాచి వాకిలికి తాళము వేసినట్లు.

కొన్నాళ్లు ఆలోచించి, మేమును ఆ చిన్నదియు కూర్చుండి మా లోక్‌సభ సభ్యునికొక యుత్తరము వ్రాసితిమి. హిందూపురము నియోజకవర్గములో మా మడకశిరయు ఆమె పుట్టిన కదిరియు రెండును చేరియున్నవి. కాబట్టి అత్తవారింటికిని పుట్టింటికిని ఒక్కరే ప్రతినిధి. బ్రతిమాలునట్లు వ్రాయలేదు. సభలో అడుగుడని ప్రశ్నలే వ్రాసితిమి. కువైటులోని ఆశ్రయగృహమునకు చేరిన స్త్రీలలో వలస యనుమతి లేక పోయినవారెందఱు, వారిలో ముప్పది నిండనివారెందఱు? 2016 ఆజ్ఞ తరువాత మన జిల్లాలనుండి ప్రభుత్వ సంస్థలు నిజముగా పంపిన స్త్రీలెందఱు? వయస్సు నియమమును సభ ముందుంచి చర్చింతురా? ఇంటిపనివారి ఒప్పందపు నమూనా తెలుగున నెచట దొరకును? ప్రశ్నకు పదునైదు దినముల ముందుగా నోటీసు కావలెనని మావారు చెప్పగా, సమావేశములకు చాలముందే టపాలో వేసితిమి.

సంతకము పెట్టుచు ఆ చిన్నది, "ఆ సభలో నా పేరు చదువుతారామ్మా?" అని యడిగినది. చదువరనియు, ప్రశ్నలో పేర్లుండవనియు చెప్పితిమి. "అయితే మంచిదే, మా అత్తకు తెలీదు" అని నవ్వినది.

ఇప్పుడామె తెల్లవారుజామున లేచి వంటచేసి, హిందూపురములో బట్టలు కుట్టు కార్ఖానాకు బస్సులో పోవుచున్నది. జీతము వడ్డీకి సరిపోవుచున్నది, అసలు కదలదు. దళారి దసరాకు మరల వచ్చి పోయెను. పాస్‌పోర్టును పెనిమిటి అతని చేతికిచ్చునేమో యను వెఱపున ఆమె దానిని తెచ్చి మా బీరువాలో, పట్టుచీరల క్రింద దాచుకొనినది. ఎప్పుడు కావలసిన నప్పుడు తీసికొనిపొమ్మని తాళపుచెవి యెచట నుండునో చూపితిమి. వారమునకొకమారు వచ్చి, తెరచి, తన బొమ్మ చూచుకొని, మరల పెట్టి పోవును. ఇది వ్రాయునాటికి సభ్యునినుండి జాబు రాలేదు.